పాత చీరలో తుంటి ఎముక

అది 2022 అక్టోబరు. వానలు వెనకపట్టి, ఖమ్మం ఎండ మళ్లీ తన పద్ధతికి వస్తున్న రోజులు. అప్పటికి పదకొండేళ్లుగా నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టరుగా పనిచేస్తున్నాను. పోస్టుమార్టం చేసేది మేమే, తర్వాత కోర్టు బోనెక్కి దాని గురించి చెప్పేదీ మేమే. ఎక్కడైనా ఎముకలు దొరికితే అవి మనిషివా జంతువువా, ఆడా మగా, వయసెంత, ఎత్తెంత అని రాసిచ్చేదీ మేమే. ఆ కాగితాన్ని ఒపీనియన్ అంటారు. పేరుకు అభిప్రాయమేగానీ, పోలీస్ స్టేషన్‌కు చేరాక దాన్ని ఎవరూ అభిప్రాయంగా చూడరు.

మా గది ఆసుపత్రి వెనకవైపు, మార్చురీని ఆనుకుని ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటితే పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి బల్ల మీద పరుచుకుంటుంది. ఆ వేళకు పోస్టుమార్టాలు అయిపోయి, నేల కడిగిన ఫినాయిల్ వాసన ఆరిపోతూ, బయట పావురాల గొంతు తప్ప ఏమీ వినిపించదు. ఎముకలు చూసే పని నేను ఆ వేళకే పెట్టుకునేదాన్ని. ఎముకను చేతిలోకి తీసుకుంటే నాకు మొదట కొలతలు తోచవు. ఆ మనిషి నడక కనిపిస్తుంది. మడమలెత్తి నడిచేవాళ్లు, బరువు మోసి ఒక పక్కకు ఒరిగి నడిచేవాళ్లు, వంగి నాట్లు వేసేవాళ్లు ఆ ఎండలోంచి అలా వెళ్లిపోతుంటారు. చదువుకున్న డాక్టరు బయటకు చెప్పుకోవాల్సిన సంగతి కాదిది. మావారు దీనికి పగటి సినిమా అని పేరు పెట్టారు. సినిమా అయ్యాక స్కేలు తీసుకుని కొలుస్తాను కదా అని నేనూ సర్దిచెప్పుకునేదాన్ని.

అడవి అంచున ఉన్న ఒక స్టేషన్ నుంచి ఎస్సై ఎరువుల సంచితో వచ్చాడు. చురుకైన మనిషి, కొంచెం తొందర ఎక్కువ. చండ్రుగొండ దాటాక పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట, ఒక వాగు గట్టున పశువులు కాసే అతనికి ఈ ఎముకలు కనిపించాయట. ఒక కుడి తుంటి ఎముక, ఒక తొడ ఎముక, నాలుగైదు వెన్నుపూసలు, కొన్ని పక్కటెముకలు. పుర్రె లేదు. నక్కలు లాక్కుపోయాయో, వాగే తీసుకుపోయిందో తెలియదు. ఎస్సై ఇంకో కవర్లోంచి రంగు వెలిసిన ఆకుపచ్చ చీర ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. ఎముకలు దాని మీదే ఉన్నాయట.

"లేడీ బాడీ మేడం," అన్నాడు.

ఆ మాట వినేశాకనే నేను ఎముకను చేతిలోకి తీసుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

చదివేవారికి మా పని కొంత చెప్పాలి. మనిషి ఒంట్లో ఆడా మగా తేడా అన్నిటికన్నా బాగా చెప్పేది తుంటి ఎముకే, హిప్ బోన్. బిడ్డ బయటికి రావడానికి దారి కావాలి కాబట్టి ఆడవాళ్లలో అది కొంచెం వేరుగా తయారవుతుంది. అందులో ముందు భాగాన్ని ప్యూబిస్ అంటాం. అన్నిటికన్నా నమ్మకంగా చెప్పేది అదే, మట్టిలో ముందుగా విరిగిపోయేదీ అదే. నాకు వచ్చిన ఎముకకు ఆ భాగం లేదు. మిగిలినవి మూడు గుర్తులు. మొదటిది తొడ ఎముక తల కూర్చునే గిన్నె, అసిటాబ్యులం. దాని కొలత పుస్తకంలో ఇచ్చిన గీత కంటే తక్కువైతే ఆడ, ఎక్కువైతే మగ. రెండోది వెనకవైపు ఉండే గండి, సయాటిక్ నాచ్. అందులో బొటనవేలు పెట్టి చూడమని మా మాస్టారు నేర్పారు. వేలు అటూ ఇటూ కదిలితే ఆడ, ఇరుక్కుంటే మగ. మూడోది ఆ గండి పక్కన ఉండే చిన్న కాలువ, ప్రీ ఆరిక్యులర్ సల్కస్. అది లోతుగా ఉంటే బిడ్డను కన్న గుర్తని పాత పుస్తకాలు రాశాయి.

గిన్నె చిన్నగా ఉంది. గండిలో నా వేలు హాయిగా తిరిగింది. కాలువ స్పష్టంగా ఉంది. మూడూ ఒకే మాట చెబుతుంటే ఇంకేం కావాలి? చీర కూడా ఉండనే ఉంది. ఆ మధ్యాహ్నం నా బల్ల పక్కనుంచి ఒక చిన్నపాటి మనిషి, చంకలో బిడ్డతో, తలమీద మూటతో, అడవి బాటన నడిచి వెళ్లింది. స్త్రీ, నడివయసు, బిడ్డను కని ఉండవచ్చు అని రాసి సంతకం పెట్టాను. తొడ ఎముక ముక్కను డీఎన్ఏ పరీక్షకు హైదరాబాద్ పంపారు. దాని జవాబు రావడానికి నెలలు పట్టింది. వచ్చాక కూడా రెండు వానాకాలాలు నానిన ఎముకలోంచి ఏమీ తీయలేకపోయామనే రాశారు. కాబట్టి ఈ కథలో దానికి పని లేదు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం జోగమ్మ వచ్చింది.

నలభై దాటిన మనిషి. రెండు బస్సులు మారి వచ్చిందట. చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఎవరు పంపారమ్మా అని అడిగితే ఎవరూ పంపలేదంది. ఎముకలు దొరికిన చోటికి నాలుగు కిలోమీటర్లలో ఆమె గూడెం. ఆమె చెప్పినదంతా ఒక వరసలో పెడితే సంగతి ఇది. కిందటి ఏడాది ఎండాకాలం, కరోనా రోజుల్లో, ఆమె భర్త సోమయ్య బీడీలు చుట్టే తునికాకు కోయడానికి అడవికి పోయి తిరిగి రాలేదు. గూడెంవాళ్లు నాలుగు రోజులు వెతికారు. స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకున్నారుగానీ ఆ రోజుల్లో వెతికే తీరిక ఎవరికీ లేదు. ఇప్పుడు ఎముకలు దొరికాయని విని ఆమె తనంతట తానే స్టేషన్‌కు పోయింది. చీర ముక్క చూపిస్తే, ఇది నాదే అని చెప్పింది.

నిజం చెప్పడమే ఆమె మెడకు చుట్టుకుంది. ఎముకలు ఆడమనిషివని డాక్టరు రాసింది. చీర ఈమెది. ఈమె భర్త కనిపించడం లేదు. ఎస్సై ఈ మూడూ కలిపి ఒక కథ అల్లుకున్నాడు. సోమయ్య పెళ్లాం చీర తీసుకెళ్లి ఎవరో ఆడమనిషికి ఇచ్చాడు, ఆమెను అడవిలోకి తీసుకుపోయి చంపాడు, పారిపోయాడు. అటు ఆంధ్ర, ఇటు ఛత్తీస్‌గఢ్, కాస్త దూరం పోతే ఒడిశా. ఎక్కడో కూలి చేసుకుంటూ ఉండి ఉంటాడు. పోలీసులు ఈ మూడు వారాల్లో నాలుగుసార్లు గూడెం వచ్చి, మొగుడు ఎక్కడున్నాడో చెప్పమని ఆమెను అడిగారు. బోరింగ్ దగ్గర ఆడవాళ్లు ఆమె బిందె పెట్టాక పక్కకు జరుగుతున్నారు.

"ఆడమనిషి అని రాసింది నువ్వేనా మేడం?" అని అడిగింది.

నేనేనన్నాను.

"పిల్లను కన్నదని గూడ రాసినవంట."

"రాశానమ్మా. ఎముక మీద అలాంటి గుర్తు ఉంది."

ఆమె నవ్వింది. వెక్కిరింపు కాదు, లోపలినుంచి ఆపుకోలేక వచ్చిన నవ్వు.

"మాకు పిల్లలు కాలే మేడం. పెండ్లయి ఇరవై రెండేండ్లు. నేనే కనలే, గాయన ఎట్ల గన్నడు?"

పదకొండేళ్ల సర్వీసులో లాయర్లు నన్ను గంటల తరబడి ప్రశ్నించారు. ఎవరూ ఇంత చిన్న ప్రశ్నతో నా నోరు మూయించలేదు. చీర గురించి అడిగాను. నీ చీర ఆయన దగ్గరికి ఎలా పోయిందని. ఆమె నన్ను కొంచెం జాలిగా చూసింది. ఆకుకు పోయేటప్పుడు అందరూ పాత చీర నడుముకు కట్టుకుంటారట. ముందువైపు ఒడిలా వదులుగా ఉంచి, రెండు చేతులా కోసిన ఆకు అందులో వేసుకుంటారు. మగవాళ్లూ అంతే, ఆడవాళ్లూ అంతే. గోనెసంచిలో వేస్తే లేత ఆకు చిరుగుతుంది, నలిగితే ఆకు కొనే కల్లాల దగ్గర తీసుకోరు. కట్టి కట్టి మెత్తబడిన చీరైతే ఆకు ఆకులాగే ఉంటుంది. ఆ చీరకు ఒక మూల తాను ఎర్ర జాకెట్టు గుడ్డతో మాసిక వేశానని చెప్పింది. మాసిక వేసిన మూలను నేను నా బల్ల మీదే చూశాను.

నేను మధిర వైపు పుట్టిన దాన్ని. మాది పత్తి, మిర్చి. అయినా ఇదే ఖమ్మంలో చదువుకుని, ఇదే నేల మీద నలభై ఏళ్లు నీళ్లు తాగాను. ఏటా ఎండాకాలం సగం అడవి నడుముకు పాత చీరలు కట్టుకుని ఆకు కోస్తుందన్న సంగతి నాకు తెలియదు. సిగ్గేసింది. ఆమెకు ఏమీ మాటివ్వకుండా, మళ్లీ ఒకసారి చూస్తానని మాత్రం చెప్పాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఉంటే ఉన్నడని చెప్పు మేడం, పోతే పోయిండని చెప్పు. ఏదైన మంచిదే. చంపి ఉరికిండని మాత్రం రాయకు. గాయన గట్లాంటోడు కాదు."

నేనలా రాయలేదని చెప్పబోయి ఊరుకున్నాను. నేను రాసిన ఒక్క ముక్కలోంచే అదంతా పుట్టిందని నాకు అర్థమవుతూనే ఉంది.

ఆమె పోయాక ఎముకను మళ్లీ తీశాను. గండిలో బొటనవేలు పెట్టాను. వేలు తిరిగింది. తిరుగుతున్న వేలును చూస్తుంటే మా మాస్టారి చెయ్యి గుర్తొచ్చింది. ఆయన ఆరడుగుల మనిషి, ఆయన బొటనవేలు నా వేలికి రెండింతలు. ఆయన నేర్పిన ఉపాయాన్ని నేను పదకొండేళ్లుగా నా సన్నటి వేలితో వాడుతున్నాను. ఎన్ని గండుల్లో నా వేలు హాయిగా తిరిగిందో, దాన్ని నమ్మి ఎన్ని ఒపీనియన్లు రాశానో! మిగతావన్నీ దాదాపు పూర్తి అస్థిపంజరాలేనని, అన్నిట్లో ప్యూబిస్ ఉందని పాత ఫైళ్లు తిరగేశాకగానీ కుదుటపడలేదు.

తర్వాత గిన్నె. పుస్తకంలోని గీత ఎక్కడిదో చూద్దామని వెనక పేజీలకు వెళ్లాను. ఎక్కడో చలి దేశంలో, మనకంటే జానెడు పొడవైన మనుషుల ఎముకలు కొలిచి గీసిన గీత అది. మన దేశపు కొలతలూ కొన్ని ఉన్నాయి, అవీ ఉత్తరాది వాళ్లవి. మా మ్యూజియంలో మెడిసిన్ చదివే పిల్లలకు పాఠం చెప్పే ఎముకలో? మాకు ముందటి తరం వాళ్లు తూర్పు రాష్ట్రాల వ్యాపారుల దగ్గర పెట్టెల లెక్కన కొన్నవి. వాళ్లెవరో, ఏ ఊరివాళ్లో ఎవరికీ తెలియదు. ఈ అడవి అంచున పుట్టి, ఇక్కడి గట్లెక్కి దిగి, ఇక్కడి బరువులు మోసిన ఒక్క మనిషి ఎముక కూడా ఆ అద్దాల బీరువాల్లో లేదు. జనం జనానికీ ఒంటి తీరు మారుతుందని, ఒకచోట మగవాడిదిగా తేలే కొలత ఇంకోచోట ఆడమనిషి కొలతలో పడిపోవచ్చని నాకు తెలియక కాదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. బల్ల దగ్గరికి వచ్చేసరికి గుర్తుకు రాలేదు.

కొత్త ఎముకలు ఎక్కడినుంచి తేవాలి? బతికున్న వాళ్లవే చూడొచ్చని మా సీటీ స్కాన్ టెక్నీషియన్ యాకూబ్ గుర్తుచేశాడు. తాటిచెట్టు మీదినుంచి పడ్డవాళ్లు, అశ్వారావుపేట రోడ్డు మీద పామాయిల్ గెలల ట్రాక్టర్‌కు బండి తగిలించుకున్నవాళ్లు, మూత్రపిండాల్లో రాళ్లతో మెలికలు తిరిగినవాళ్లు, అందరి నడుములూ అతని కంప్యూటర్‌లో ఉన్నాయి. పైవాళ్ల అనుమతి తీసుకుని, పేర్లు కనబడకుండా చేసి, ఊరు, వయసు, ఆడా మగా మాత్రం ఉంచుకున్నాం.

ఆ రెండు వారాల మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కలలో జరిగినట్టే అనిపిస్తాయి. చల్లటి చీకటి గది. ఏసీ సన్నగా గొణుగుతూ ఉండేది. యాకూబ్ మౌస్ కదిపితే తెరమీద ఒక్కొక్కరి తుంటి ఎముకలు పాలమీగడ రంగులో మెల్లగా చుట్టూ తిరిగేవి. చర్మం లేదు, కులం లేదు, కట్టుబట్ట లేదు. పక్క వార్డులో ఆ మనిషి అన్నం తింటూ ఉండవచ్చు, ఇక్కడ ఆయన ఎముక నీళ్లలో తేలే పువ్వులా తిరుగుతోంది. నేను కొలతలు చెబుతుంటే యాకూబ్ రాసుకునేవాడు.

"గీయన నాకు యాదికున్నడు మేడం," అన్నాడొకసారి. "గీ దర్వాజ కాడ బీడీ ముట్టిస్తే నేనే కోప్పడ్డ. మనిషి గింతే ఉంటడు. కాని బస్తా ఎత్తితే మనిద్దరం సరిపోం."

ఆ చిన్నపాటి మనిషి కొలతను పుస్తకంలోని గీత పక్కన పెడితే ఆడమనిషి అయిపోయాడు. ఆయన ఒక్కడే కాదు. అడవి పక్క ఊళ్ల మగవాళ్లు చాలామంది ఆ గీతకు కిందే పడ్డారు. మైదానం వైపు రైతు కుటుంబాల ఆడవాళ్లు కొందరు గీత దాటి పైకి వెళ్లారు. సయాటిక్ గండి కొందరు మగవాళ్లలో నేననుకున్న దానికంటే వెడల్పుగా ఉంది. బిడ్డను కన్న గుర్తని నేను రాసిన కాలువ, ఎన్నడూ కనని మగవాళ్లలోనూ అక్కడక్కడా కనిపించింది. గుర్తులన్నీ అబద్ధమని కాదు. ఆడవాళ్లూ మగవాళ్లూ ఇక్కడ కూడా వేరుగానే ఉన్నారు. విడిపోయే చోటు మాత్రం పుస్తకం చెప్పిన చోట లేదు.

ఇంతా చేస్తే నా చేతికి వచ్చింది అనుమానమే. ఈ ఎముక ఆడో మగో చెప్పలేం అని రాసి తప్పుకోవచ్చు. డాక్టరుగా నాకు అది క్షేమం. జోగమ్మకు మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఎస్సై కథ అలాగే ఉంటుంది, పోలీసులు అలాగే గూడెం వస్తారు. ప్యూబిస్ కావాలి. ఎస్సైకి ఫోన్ చేసి, ఆ చోటికి మళ్లీ వెళ్లి మట్టి జల్లించాలన్నాను. అతను మెల్లగా, ఒకసారి రాసింది మారిస్తే రేపు కోర్టులో లాయర్లు మనల్ని ఆడుకుంటారు మేడం అన్నాడు. ఆడుకోనివ్వండి అన్నాను. అతని మంచితనం ఏమిటంటే, మర్నాడే జీపు పంపాడు, తానూ వచ్చాడు.

నవంబరు చివర ఒక ఉదయం. పామాయిల్ తోటల మధ్య మట్టిరోడ్డు. రెండు వైపులా చెట్లు వరసల్లో ఒకదాని వెనక ఒకటి తిరిగిపోతుంటే కళ్లు మూతలు పడ్డాయి. తెరిచేసరికి వరసలు అయిపోయాయి. టేకు, మద్ది, ఇప్ప, ఎవరి ఇష్టం వచ్చిన చోట వాళ్లు నిలబడి ఉన్నారు. జీపు దిగి అరగంట నడిచాం. పొగమంచు ఇంకా నేలమీదే ఉంది, మా కాళ్లు మోకాళ్ల కిందినుంచి కనబడటం లేదు. వాగు గట్టుకు చేరేసరికి జోగమ్మ మాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది, ఒడిలో చాట పెట్టుకుని.

కానిస్టేబుళ్లు ఇసుక జల్లెడ తెచ్చారు. మట్టి తడిగా ఉండి జల్లెడ కన్నాలు పూడుకుపోయాయి. రెండుసార్లు చూసి, జోగమ్మ లేచింది. మట్టిని టార్పాలిన్ మీద పలచగా పరిపించి, ఎండ వచ్చేదాకా ఆగమంది. పొద్దెక్కాక గడ్డలను వేళ్లతో చిదిపి, కొంచెం కొంచెం చాటలోకి తీసుకుని చెరగడం మొదలుపెట్టింది. ఎండుటాకు ముందుకు ఎగిరిపోయేది. రాళ్లు వెనక్కి చేరేవి. ఎముక ఆకు కంటే బరువు, రాయి కంటే తేలిక కాబట్టి, ఉంటే మధ్యలో నిలవాలి. ఈ లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎస్సై టోపీ తీసి చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. చాట చప్పుడు, వాగు చప్పుడు, అంతే. తన మొగుడి ఎముకేమోనని వెతుకుతూ ఒక మనిషి బియ్యం చెరిగినంత నెమ్మదిగా మట్టి చెరుగుతుంటే నాకు ఏడుపొచ్చింది, పక్కకు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాను.

పదకొండు దాటాక చాట ఆగింది. మధ్యలో వేలెడు పొడవు ముక్క, మట్టి రంగులోనే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోకుండా చాటను నా వైపు చాచింది. సీసాలో నీళ్లతో కడిగాను. ప్యూబిస్ ముక్కే, దాని నుంచి కిందికి దిగే కొమ్మలాంటి భాగంతో సహా. ఆడవాళ్లలో ఆ కింది అంచు లోపలికి వంపు తిరుగుతుంది. దీనికి వంపు లేదు. తిన్నగా, మందంగా దిగింది.

నెలన్నరగా నా తలలో ఒక తల్లి నడుస్తోంది, చంకలో బిడ్డతో. ఆ గట్టు మీద నిలబడ్డ నాకు ఆమె చెట్ల మధ్యకు వెళ్లి పలచబడిపోవడం తెలిసింది. ఆమె నడిచిన బాటలోనే ఒక చిన్నపాటి మగమనిషి వచ్చాడు. నడుముకు ఆకుపచ్చ చీర, ఒడినిండా ఆకు. ఎండకు కాబోలు కళ్లు చిట్లించి ఉన్నాడు. వాగు దగ్గర నీళ్లకు వంగాడు.

"ఏమంటుంది మేడం?" అంది జోగమ్మ.

ఆసుపత్రికి తీసుకెళ్లి అతికించి చూస్తేగానీ చెప్పలేనన్నాను. ఆమె నా మొహం చూసింది. తర్వాత చాట దులిపి, చంకన పెట్టుకుని, మాకంటే ముందు నడిచింది.

విరిగిన అంచుకు ముక్క సరిగ్గా కూర్చుంది. యాకూబ్ తీసిన స్కాన్లలోని ఇక్కడి మగవాళ్లతో, ఆడవాళ్లతో పోల్చి చూశాను. ఇక్కడి ఏ ఆడమనిషికీ ఆ అంచు లేదు. నా మొదటి ఒపీనియన్ తప్పని, ఎందుకు తప్పిందో కారణాలతో సహా సప్లిమెంటరీ ఒపీనియన్ రాశాను. అంటే ముందు రాసిన దాన్ని సవరిస్తూ ఇచ్చే కాగితం. పురుషుడు, నడివయసు, చిన్నపాటి ఒడ్డూ పొడుగూ, చనిపోయి సుమారు ఏడాదికి పైన. ఎముకలపై గాయం గుర్తులు లేవు, మరణ కారణం చెప్పలేం. దాంతో కేసు తిరగబడింది. ఆకుకు పోయి రాని మగవాడు, ఆకుకు పోయే అడవిలో, భార్య మాసిక వేసిన చీరతో దొరికాడు. ఎస్సై తానే గూడెం వెళ్లి, నలుగురిలో నిలబడి, సోమయ్య ఎవరినీ చంపలేదని చెప్పి వచ్చాడు. అది అతను చేయకపోయినా ఎవరూ అడిగేవారు కాదు.

ఈ కేసు తర్వాత నా పనిలో కొన్ని మారాయి. ఎముక చూడటం పూర్తయ్యేవరకు దానితో దొరికిన గుడ్డలు, గాజులు, చెప్పులు నా గదిలోకి రానివ్వను. పోలీసులను ఏమీ చెప్పవద్దని ముందే బతిమాలుతాను. బొటనవేలి ఉపాయం పిల్లలకు నేర్పేటప్పుడు ఎవరి బొటనవేలు అని వాళ్లచేతే అడిగిస్తాను. ఏ జనం కొలతలతో పోల్చానో ప్రతి ఒపీనియన్ కింద రాస్తాను. బిడ్డను కన్న గుర్తు అన్న మాట మళ్లీ ఎన్నడూ రాయలేదు. యాకూబ్, నేను మొదలుపెట్టిన స్కాన్ల ఫైలు ఇప్పుడు లావైంది. మా పిల్లలు దాన్ని మ్యూజియం ఎముకల పక్కన పెట్టుకుని చదువుతారు. ఇక్కడితో ఆపితే ఇది తప్పు దిద్దుకున్న డాక్టరు కథ అవుతుంది. నేను కూడా అలాగే అనుకుంటూ ఉన్నాను, డిసెంబరులో ఎముకలు అప్పజెప్పే రోజు వరకు.

ఎముకలను కొత్త తెల్లగుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాం. కానిస్టేబుల్ చూపించిన చోటల్లా జోగమ్మ వేలిముద్ర వేసింది. అతను కాగితాలు తీసుకుని బయటకు వెళ్లాడు. నేను పొద్దుటి నుంచి మనసులో అనుకుంటున్న మాటలు అప్పుడు చెప్పాను.

"జోగమ్మా, నేను రాసిన తప్పు వల్ల నీకు చెడ్డపేరు వచ్చింది. నీ మొగుణ్ణి అందరూ హంతకుడన్నారు. నన్ను క్షమించు తల్లీ."

ఆమె గుడ్డ మూట ముడిని ఒకసారి సవరించింది.

"చెడ్డపేరుకేంది మేడం, వచ్చె, పాయె," అంది. "ఎస్సై సారు గాయన ఒకామెను చంపి ఉరికిండు అన్నప్పుడు మస్తు తిట్టిన, ఏడ్చిన. కాని లోపల ఒకటే అనిపిస్తుండె. ఏం చేస్తే ఏంది, ఉన్నడు గద. యాడనో ఇంత తింటున్నడు, పంటున్నడు అని. నువ్వు ఆడమనిషి అన్నన్ని దినాలు గాయన ఉన్నట్టే ఉండె మేడం."

మరి నువ్వే వచ్చి తప్పని ఎందుకు చెప్పావమ్మా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"గట్ల చేసేటోడు కాదని నాకు ఎరుకనే గద. మంచోడు అని చెప్పాల్నంటే లేడని చెప్పాలె. ఇంకో తొవ్వ లేకపాయె."

మూటను రెండు చేతులా ఎత్తి, బరువు చూసుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది. కిటికీలోంచి ఎండ వచ్చి ఖాళీ బల్ల మీద పడింది. ఎప్పటిలా నా కళ్ల ముందు ఎవరూ నడవలేదు.

నేను తప్పు దిద్దాను, అది దిద్దాల్సిందే, ఇప్పుడైనా అదే చేస్తాను. అయితే ఆ రోజు నుంచి సంతకం పెట్టే ముందు ఈ కాగితం కోసం బయట ఎవరు నిలబడి ఉన్నారో లేచి చూసి వస్తాను. సోమయ్య చనిపోయి సుమారు ఏడాది దాటిందని నా ఒపీనియన్‌లో రాశాను. జోగమ్మకు మాత్రం ఆయన చనిపోయింది నేను దాని కింద సంతకం పెట్టిన రోజున.